రెండో గీత

మే 3

తాడు పాతది. మేనేజరు అడిగితే అదే చెప్పాను, అదే రాసి సంతకం పెట్టాను. పాతదే కదా మరి, నాన్న వేసి ఏడేళ్ళు దాటింది.

తమ్ముడి కుడి భుజం ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. ప్రాణానికి ఏమీ కాదన్నారు. జారిన దుంగ వాడికి మూరెడు దూరంలో మొద్దుకు తగిలి ఆగిందట. వాడు పక్కకి దూకి బండ మీద పడ్డాడు కాబట్టి భుజంతో పోయిందని రంపం వాళ్ళు చెబుతున్నారు. నేను పైన, దుంగల్ని ఇనప తాడుతో వాలు ఎక్కించే వించి గదిలో ఉన్నాను. మూరెడో బారెడో నాకు కనబడలేదు. లివరు పట్టుకున్న చేతికి మాత్రం, తాడు ఒక్కసారిగా బరువు వదిలేసి తేలికైపోవడం తెలిసింది. పద్దెనిమిదేళ్ళుగా వించి నడుపుతున్నాను, అంత తేలిక ఎప్పుడూ ఎరగను.

వాణ్ణి వాలు మీద నుంచి మోసుకొస్తుంటే ఎదురెళ్ళాను. "కన్ను జారిందక్కా" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే తాడు అరిగిన చివర కోసేసి, కొత్తగా వలయంలా మడిచి, కొక్కేనికి కన్ను కట్టాను. మడత జారకుండా మూడు ఇనప క్లాంపులు. నాన్న కట్టినట్టే కట్టాను.

"తాడు పాతదిరా" అన్నాను వాడితో.

మే 4

క్లాంపులు మూడూ కిరోసిన్‌లో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, గుడ్డలో చుట్టి పెట్టాను. తుప్పు పట్టకూడదు.

మే 5

నాన్న కట్టినట్టే కట్టాను.

మే 8

తమ్ముణ్ణి చూడ్డానికి అమ్మ ఇంటికి వెళ్ళాను. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. వచ్చింది నేనని తెలుసు. నా చెప్పుల చప్పుడు వాడికి తెలియకపోవడమేమిటి.

"అమ్మా, వచ్చినవాళ్ళని కూర్చోమను" అన్నాడు.

వచ్చినవాళ్ళట. వీడు దుంగకి ఉచ్చు వేయడం మొదట నేర్చుకున్నది నా కాలి బొటనవేలి మీద. వేలు నల్లబడినా అమ్మకి చెప్పలేదు నేను.

"నొప్పి ఎలా ఉందో అడగమ్మా" అన్నాను నేనూ అమ్మతోనే.

"ఉందని చెప్పమ్మా."

అమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఉత్తరాలు పంచే పని నాకు చేతకాదు. మీ మాటలు మీరే అనుకోండి" అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. గంటసేపు కూర్చుని గోడమీది క్యాలెండరు మొత్తం చదివి వచ్చాను.

మే 12

వించి ఆగి తొమ్మిది రోజులు. కొత్త తాడుకి రాశారట.

ఈ పొద్దున మావారు మోచేతికి నూనె రాసుకుంటూ కనిపించారు. ఏమైందంటే, "నిద్దట్లో నా మోచెయ్యి పట్టుకుని బోల్టు తిప్పినట్టు తిప్పావు. బిగిసిందో లేదో నువ్వే చెప్పాలి" అన్నారు. ఆయనది యార్డులో దుంగలు కొలిచే ఉద్యోగం, ప్రతిదీ కొలతేసి చెబుతారు. నాకు నవ్వు రాలేదు. ఆయన నా మొహం చూసి నూనె సీసా మూత పెట్టేశారు.

మే 21

పెద్దాయన ఒరిగాడు.

నిన్న మధ్యాహ్నం గాలివాన. కొండవాలు మీద అన్నిటికంటే పాత చెట్టుని మేమంతా పెద్దాయన అంటాం. నేను వించి గది గుమ్మంలో నిలబడి కళ్ళారా చూశాను. పడిపోవడం అంటే ధబ్బున పడిపోవడమే అనుకునేదాన్ని. ఆయన అలా పడలేదు. ముందు తల వంచాడు. తర్వాత చాలాసేపు, నేను నాలుగైదుసార్లు ఊపిరి తీసుకునేంతసేపు, ఆగాడు. ఆ తర్వాత వేళ్ళు ఒక్కొక్కటే తెగడం కాళ్ళ కింద నేలలో తెలిసింది. చప్పుడు చెవికి తర్వాత వచ్చింది.

వాన తగ్గాక వెళ్ళి చూశాను. వేళ్ళతో పాటు లేచిన మట్టి మా ఇంటికంటే ఎత్తు గోడలా నిలబడి ఉంది. నలుగురం చేతులు చాపి మాను చుట్టూ పట్టుకోబోతే ఐదో మనిషి కావలసి వచ్చింది. అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. ఏం చేయాలో తోచక నమస్కారం పెట్టాను. పక్కన రంపం మేస్త్రీ, ఎవరినీ లెక్కచేయని మనిషి, ఆయన కూడా తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

సగం వేళ్ళు ఇంకా నేలని పట్టుకుని ఉన్నాయి. తల మాత్రం కింద పనివాళ్ళ లైను ఇళ్ళ వైపు ఉంది. వానలు దిగి నేల నానితే ఆ సగం కూడా వదిలేస్తుంది. అప్పుడు మొదట తగిలేది అమ్మ ఇల్లు.

మే 22

లైనులో మొదటి నాలుగు ఇళ్ళు ఖాళీ చేయించారు. అమ్మా తమ్ముడూ మా ఇంటికి వచ్చారు. ఇప్పుడు వాడు మా గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు.

మే 23

మేనేజరు చెప్పింది ఇది. కొత్త తాడు రాగానే వించితో పెద్దాయనని పట్టి ఉంచాలి. తాడు పట్టి ఉండగా రంపం వాళ్ళు కిందికి దిగి మూడు ముక్కలు చేయాలి. ఒక్కో ముక్కనీ పైకి లాగాలి. జూన్ సగానికల్లా అయిపోవాలి.

అంటే నా తాడు కింద ఆరుగురు మనుషులు నిలబడాలి.

మే 28

తాడు వచ్చింది. చెక్క కండె, నా నడుం ఎత్తు ఉంది. దాంతో పాటు తాడు డిపో ఫిట్టరు వచ్చాడు. పెద్ద వయసు, లావు కళ్ళజోడు, గ్లౌజులు లేకుండా దేన్నీ ముట్టుకోడు. నన్నూ ముట్టుకోనివ్వడు.

చివర విప్పి చూపించాడు. ఆరు పేటలు. ఒక్కో పేటలో పంతొమ్మిది తీగలు. మధ్యలో నూనె తాగిన నార. తీగ ఒక్కటైతే నా వేళ్ళతో వంచేయగలను. పద్దెనిమిదేళ్ళుగా తాడుని తాడుగానే చూశాను గాని, అది నూట పద్నాలుగు తీగలు ఒకదాన్నొకటి చుట్టుకుని పట్టుకున్న పట్టు అని ఇవాళే చూశాను. చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాను.

"పాత కన్ను ఎలా కట్టావో చూపించమ్మాయ్" అన్నాడు ఫిట్టరు.

గుడ్డ విప్పి క్లాంపులు తీసి, తాడు ముక్కకి కట్టి చూపించాను. ఒకటి ఇటు, ఒకటి అటు, మళ్ళీ ఒకటి ఇటు. జడ అల్లినట్టు చూడముచ్చటగా ఉంటుంది. నాన్న అలాగే కట్టేవాడు.

ఫిట్టరు కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. "ఇది ఎవరు నేర్పారు?"

"మా నాన్న."

"ఇలా కట్టకూడదు. క్లాంపుకి ఒకవైపు పీట, ఒకవైపు వంపు బోల్టు. బరువు మోసే తాడు పీట మీద కూర్చోవాలి. వంపు బోల్టు మడిచిన కొసనే, తోకనే, కరవాలి. అన్నీ ఒకే వైపు ఉండాలి. నీ మధ్య క్లాంపు బరువు మోసే తాడునే కొరుకుతోంది."

చేతిలో పానా కింద పెట్టేశాను. ఆయన మాత్రం ఇంకా ఆశ్చర్యపోతూనే ఉన్నాడు. "ఇలా కట్టి మీ నాన్న ఎన్నేళ్ళు నడిపాడు?"

"ముప్పై ఏళ్ళు. ఒక్కటీ జారలేదు."

"అయితే వదలకుండా బిగించుకుంటూ ఉండేవాడన్నమాట. బరువు పడితే తాడు సన్నబడుతుంది, నట్టు వదులవుతుంది. మళ్ళీ బిగించాలి. అది చేసేవాడు కాబట్టి ఇదీ ఆగింది." తర్వాత క్లాంపు వెలుతురులో పెట్టి చూశాడు. "మరలో ఈ ఎర్రరంగు ఏంటి?"

కిరోసిన్ పెట్టి అంత రుద్దినా మిగిలింది. చెప్పాను. నాన్న పద్ధతి. కన్ను కట్టి బిగించగానే నట్ల మీదుగా ఎర్రరంగుతో ఒక గీత. మొదటి దుంగ పైకి వచ్చాక, మళ్ళీ పానా వేసి బిగించి, పక్కనే రెండో గీత. కింద కొక్కెం అందుకునేవాడు రెండు గీతలు చూసుకుని అప్పుడు తగిలించాలి.

"మంచి పద్ధతి. మరి ఆ రోజు రెండూ ఉన్నాయా?"

"రంగు మాసిపోయింది" అన్నాను.

మే 29

అంటే తప్పు నాన్నది. క్లాంపులు తిరగేసి కట్టడం నేర్పింది నాన్న. నాకేం తెలుసు, నేర్పినట్టు కట్టాను. ముప్పై ఏళ్ళు ఎవరూ చెప్పలేదు. మేనేజరుకి చెబితే ఆయన కూడా ఒప్పుకుంటాడు. తమ్ముడికి కూడా చెప్పవచ్చు. నాన్న పద్ధతే తప్పట్రా అని.

మే 30

చెప్పలేదు. అన్నం తింటున్నప్పుడు నోటిదాకా వచ్చింది. అమ్మ ఇప్పటికీ నాన్న పళ్ళెంలోనే తింటోంది.

జూన్ 2

తాడు వించి డ్రమ్ముకి చుట్టడం అయింది. ఇలాంటిది నా జన్మలో చూడలేదు, రాసుకోవాలి.

కండెని ఇరుసు మీద నిలబెట్టి తిప్పుతూ తీయాలి. పడుకోబెట్టి లాగితే తాడు మెలిక పడుతుంది. మెలిక పడ్డ చోట ఎంత సాపు చేసినా ఇక ఆ తాడుని నమ్మకూడదట. పాత తాడు వేసినప్పుడు నాన్న నన్ను బ్రేకు దగ్గర నిలబెట్టాడు, డ్రమ్ము వైపు చూడనివ్వలేదు. ఇప్పుడు చూశాను. డ్రమ్ము పక్కన చిన్న కన్నం. తాడు కొస అందులో దూర్చి, ఇనప చీలిక ఒకటి కొట్టాడు ఫిట్టరు. అగ్గిపెట్టెకంటే చిన్నది.

"ఇంతేనా?" అన్నాను. "పెద్దాయన బరువంతా దీని మీదా?"

"దీని మీద ఏమీ పడదు" అని నవ్వాడు. "నిజంగా ఏదైనా పడితే ఇది ఊడిపోవాలి కూడా. దుంగతో పాటు వించినీ నిన్నూ లాక్కుపోకుండా."

నేను నమ్మలేదు. అప్పుడు ఆయన ఒక మామూలు తాడు తీసి గది బయట స్తంభానికి నాలుగు చుట్లు చుట్టాడు. ఒక కొస నా చేతికి ఇచ్చి, "రెండు వేళ్ళతో పట్టుకో" అన్నాడు. రెండో కొస మావారికి ఇచ్చి లాగమన్నాడు. మావారు మొదట మర్యాదగా లాగారు. తర్వాత కాలు తన్నిపెట్టి లాగారు. తర్వాత ఇద్దరు రంపం వాళ్ళని పిలుచుకుని ముగ్గురూ కలిసి లాగారు. నా రెండు వేళ్ళ మధ్య తాడు కదల్లేదు. మావారు మాత్రం కూలబడ్డారు. "పెళ్ళయిన దగ్గర్నుంచి ఇదే వరస" అన్నారు మట్టి దులుపుకుంటూ. అందరూ నవ్వారు, నేను కూడా, నెల తర్వాత.

నాలుగు చుట్లు. పట్టు అంతా ఆ చుట్లది. అందుకే ఎంత దూరం తాడు వదిలినా డ్రమ్ము మీద ఐదు చుట్లు ఎప్పటికీ మిగలాలి. నాన్న "అడుగు చుట్లు విప్పకు" అని ఎందుకు అరిచేవాడో ఈ వయసులో తెలిసింది. నా రెండు వేళ్ళకేసి చూసుకుంటూ నిలబడ్డాను.

తర్వాత దుంగ ఒకటి బరువుకి కట్టి, నూట యాభై మీటర్లూ బిగువుగా, చుట్టు పక్కన చుట్టు, సందు లేకుండా చుట్టాం. సాయంత్రానికి డ్రమ్ము మీద తాడు మెరుస్తుంటే గుడ్డతో తుడవబోయాను. "నూనె తుడవకు తల్లీ, దాని ప్రాణం అదే" అన్నాడు ఫిట్టరు.

జూన్ 9

కన్ను కట్టాను. ఫిట్టరు వెళ్ళేముందు చూపించినట్టు, నాలుగు క్లాంపులు, నాలుగూ ఒకే వైపు. ఒక గీత గీశాను.

రంపం మేస్త్రీ వచ్చి చాలాసేపు చూశాడు. తలగుడ్డ సవరించుకున్నాడు. "కొత్త తాడే. కాదనను. కానీ మా వాళ్ళు దిగం అంటున్నారు. మీ తమ్ముడు దిగి ఉచ్చు ఎక్కడ వేయాలో చూపించి, వాడి చేత్తో కొక్కెం తగిలిస్తే దిగుతారట."

"వాడి కట్టు ఇంకా విప్పలేదు."

"బరువులు మేం ఎత్తుతాం. వాడు దిగాలి, అంతే."

జూన్ 10

వాణ్ణి అడగమని అమ్మకి చెప్పాను. అమ్మ అడిగింది. వాడు గోడకే జవాబు చెప్పాడు. "తాడు పాతదని సంతకం పెట్టిన వాళ్ళనే అడగమను."

జూన్ 11

చెప్పేశాను. ఎలా అయిందో రాసుకుంటాను, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

పొద్దున అమ్మ బియ్యం ఏరుతోంది. మావారు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. నేను వాడి మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. మొదట నోట్లోంచి వచ్చింది నాన్న క్లాంపుల సంగతే. పీటలూ బోల్టులూ అని మొదలుపెట్టాను. సగంలో నా మాటే నాకు వినబడింది. ముందు నాన్న వేసిన తాడు మీదికి తోశాను. ఇప్పుడు నాన్న మీదికే తోస్తున్నాను. ఆపేశాను.

"రెండో గీత లేదురా" అన్నాను. "మొదటి దుంగ పైకి వచ్చాక బిగించలేదు. అందుకే గియ్యలేదు. తర్వాత క్లాంపులు కిరోసిన్‌తో కడిగేశాను, ఎవరూ చూడకుండా."

వాడు ఇటు తిరిగాడు. నెలా పది రోజుల తర్వాత వాడి మొహం పూర్తిగా చూశాను. గడ్డం పెరిగింది.

"తెలుసు" అన్నాడు. "కొక్కెం నా చేతికే కదా వచ్చింది. ఒక్క గీతే ఉంది. చూశాను."

"చూసి ఎందుకు తగిలించావు మరి?"

"రంగు వేయడం మర్చిపోయావనుకున్నాను. బిగించడం మర్చిపోతావని నాకు తట్టనే లేదక్కా."

అమ్మ చేతిలో చాట ఆగిపోయింది.

ఇక్కడితో ఊరుకోవచ్చు. మర్చిపోయిందని వాడే అంటున్నాడు, క్షమించడానికి ఆ మాట చాలు. కానీ వాడి కళ్ళు నా మీదే ఉన్నాయి. "మర్చిపోలేదురా" అన్నాను. "ఆ రోజు సాయంత్రం నాలుగైంది. చినుకులు పడుతున్నాయి. గదిలోంచి దిగబుద్ధి కాలేదు. ఇంకొక్క దుంగే కదా, రేపు బిగిద్దాంలే అనుకున్నాను."

మావారు గుండీ ఒకటి తప్పు కన్నంలో పెట్టుకుని అలాగే నిలబడ్డారు. నాకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు, దాచుకోలేదు.

నా ఏడుపు తగ్గాక తమ్ముడు అన్నాడు. "నొప్పికి కాదక్కా నేను గోడకి తిరిగింది. తాడు పాతదని నువ్వు సంతకం పెట్టావని విన్నాక నీతో ఏం మాట్లాడాలో తెలియలేదు. ఆ తాడు నాన్నది."

"తెలుసురా."

"దిగుతానో లేదో చెప్పను. ఆలోచించుకోవాలి."

"ఆలోచించుకో" అన్నాను. అడిగే హక్కు నాకు లేదు.

జూన్ 12

మేనేజరు దగ్గరికి వెళ్ళి మొదటి కాగితం పక్కన రెండో కాగితం పెట్టాను. జరిగింది జరిగినట్టు రాశాను. ఆయన రెండుసార్లు చదివాడు. "పెద్దాయన పని అయ్యాక రెండు నెలలు వించి ఎక్కవద్దు. అందాకా నువ్వు తప్ప నాకు దిక్కు లేదు" అన్నాడు. సరేనన్నాను. ఇన్నాళ్ళకి అన్నం రుచి తెలిసింది.

జూన్ 14

కట్టు విప్పారు. చెయ్యి సన్నగా అయిపోయింది. రాత్రి పడుకునేటప్పుడు అటూ ఇటూ కాక వెల్లకిలా పడుకున్నాడు.

జూన్ 16

పొద్దున లేచి చూస్తే మంచం ఖాళీ. పరుగున వించి గదికి వెళ్తే గుమ్మం దగ్గర కొక్కెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నాలుగు క్లాంపులూ గోటితో తడుముతున్నాడు.

"ఒక గీతే ఉంది" అన్నాడు.

"ఇంకా బరువు లాగలేదు కదరా."

"లాగు మరి."

చిన్న దుంగ ఒకటి కట్టి పైకి లాగాను. గదిలోంచి దిగాను. పానా వేశాను. నేను నా బలమంతా పెట్టి బిగించిన నట్లు, నాలుగూ, ఒక్కోటి అరచుట్టు తిరిగాయి. కొత్త తాడు, నూట పద్నాలుగు తీగలు, ఒక్క దుంగకే అంత సన్నబడింది. ఆ రోజు కూడా ఇలాగే సన్నబడి ఉంటుంది. నేను పైన వానకి ముడుచుకు కూర్చుని ఉండగా.

రెండో గీత గీశాను. వాడు చూశాడు. రంగు డబ్బా, ఇంకో పానా సంచిలో వేసుకుని కొక్కెం వెంట దిగిపోయాడు. రంపం వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని వాడి వెనక దిగారు.

రెండు ఈలలు వినబడ్డాయి, లాగమని. లాగాను. తాడు నేల మీద నుంచి లేచి, నీళ్ళు చిమ్మి, బిగిసి, సన్నగా పాడింది. డ్రమ్ము మీద చుట్లు ఒకదాని మీదికి ఒకటి ఒరుసుకుని కూర్చున్నాయి. పెద్దాయన బరువు నా చేతికి వచ్చింది. ఎలా చెప్పాలి, నిద్రపోతున్న ఒక పెద్ద మనిషి నా భుజం మీద తల పెట్టినట్టు వచ్చింది.

ఒక ఈల. ఆగమని.

ఆగాను. ఇక రంపాలు మొదలవ్వాలి. మొదలవ్వలేదు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. కింద ఏం జరుగుతోందో కనబడదు. లివరు మీద నుంచి చెయ్యి తీయలేదు. వాడు మనసు మార్చుకున్నాడేమో, అందరూ వెనక్కి వచ్చేస్తున్నారేమో అనుకున్నాను. వచ్చేసినా తప్పు పట్టను అని కూడా అనుకున్నాను. అప్పుడు రంపాల చప్పుడు మొదలైంది.

వేళ్ళ దగ్గర కోస్తుంటే తాడు ఒకసారి వణికింది, అంతే. పట్టి ఉంచింది. పదకొండున్నరకి మొదటి ముక్క వాలు ఎక్కి వచ్చింది. అది అంచు దాటి వస్తుంటే గది వెలుతురు తగ్గింది. మావారు కొలత టేపు పట్టుకుని వచ్చి, కొలవకుండా నిలబడిపోయారు. అమ్మ దూరం నుంచి చేతులు జోడించింది.

వించి ఆపి, కొక్కెం దగ్గరికి వెళ్ళి వంగాను.

నా గీతలు రెండు. పక్కన మూడో గీత ఉంది. వంకరటింకరగా, ఎడమచేత్తో గీసింది. రంగు ఇంకా ఆరలేదు.

తమ్ముడు ఆయాసపడుతూ వాలు ఎక్కి వచ్చాడు. సన్నబడిన చెయ్యి మరో చేత్తో పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. పది నిమిషాలు ఎక్కడికి పోయాయో తెలిసింది.

"నీ రెండో గీత తర్వాత కూడా పావుచుట్టు తిరిగిందక్కా" అన్నాడు. "నాలుగూ."

ఒకప్పుడు అయితే నా రోషానికి అడ్డు ఉండేది కాదు. నా మీద నమ్మకం లేదా అనేదాన్ని. ఆ తడి గీతకేసి చూస్తూ నిలబడిపోయాను. ఒక్క గీత చూసి నన్ను నమ్మినప్పుడు వాడికి దక్కింది విరిగిన భుజం. రెండు గీతలు చూసి కూడా నమ్మకుండా, ఆ బరువు పక్కన కూర్చుని, ఎడమచేత్తో నాలుగు క్లాంపులు బిగించాకే ఆరుగురినీ తాడు కిందికి పిలిచాడు. నాన్న పద్ధతిలో గీతలు రెండే. ఆయన ఉండి ఉంటే మూడోది చూసి ఏమనేవాడో.

"ఇలా ఇవ్వు పానా" అన్నాను. "పైకి వచ్చేటప్పుడు ఇంకా తిరుగుతుందేమో చూద్దాం."

వాడు సంచిలోంచి పానా తీశాడు గాని నాకు ఇవ్వలేదు. కొక్కెం కదలకుండా నన్ను పట్టుకోమని, తనే నట్టు మీద పెట్టాడు. నేను రెండు చేతులా పట్టుకున్నాను.

నట్టు కదల్లేదు.

"కొక్కెం వదులక్కా" అన్నాడు. "ఇంకా రెండు ముక్కలున్నాయి."